18446744073709551615ని కాగితం మీద కారణాంకాలుగా విడగొట్టడం అయ్యే పనేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళకీ కలిపి 18446744073709551615 గింజలు వస్తాయి. ఈ సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా, కాకపోతే దాని కారణాంకాలేమిటి, కంప్యూటర్ జోలికి పోకుండా అవి కనుక్కోవచ్చా, ఇంకా దీనికేమైనా విశేషాలున్నాయా అని అడిగారు. ఫోన్‌లో ఎన్నిసార్లు వేసినా చివర సున్నాలే వస్తున్నాయని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇది ప్రధాన సంఖ్య కాదు.

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాలేదు. కాగితం మీద చెయ్యొచ్చు, తీరిగ్గా కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. ఏడింట్లో అయిదు పెద్దగా కష్టపడకుండానే వచ్చేస్తాయి. కష్టమంతా 641 దగ్గరుంది. ఆ కష్టం ఎంతటిదంటే, పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా అంతటివాడు దాన్ని దాటలేకపోయాడు.

నేను ఇంటర్, డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్తాను. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు కూడా వస్తుంటారు. ఇంత పొడుగు సంఖ్య బోర్డు మీద రాయగానే అందరూ చేసేది ఒకటే: అంకెలు కూడతారు, చివరి అంకె చూస్తారు. అందులో తప్పేం లేదు. అంకెల మొత్తం 87, కాబట్టి 3 పోతుంది, 9 పోదు. చివర 15 ఉంది కాబట్టి 5 పోతుంది, 25 పోదు. రెండింటితోనూ భాగిస్తే 1229782938247303441 మిగులుతుంది. ఇక అక్కడ బండి ఆగిపోతుంది. 7, 11, 13 అంటూ వరసగా భాగించుకుంటూ పోతే తెల్లారిపోతుంది కానీ లెక్క తేలదు. ఇలాంటప్పుడు అంకెల్ని పక్కన పెట్టి, ఈ సంఖ్య ఎలా తయారైందో చూడాలి. మన సంఖ్య 2⁶⁴ − 1. దారి అందులోనే ఉంది.

మళ్ళీ బల్ల దగ్గరికే వెళ్దాం. మొదటి ఎనిమిది గళ్ళలో ఉన్న గింజలు 255. తర్వాతి ఎనిమిది గళ్ళలో ఒక్కొక్కటీ, పైవరసలో తనకి సరిగ్గా ఎదురుగా ఉన్న గడికి 256 రెట్లు. అంటే పదహారు గళ్ళ మొత్తం 255కి (1 + 256) రెట్లు, అనగా 255 × 257. ఇదే వాదన ఎక్కడైనా పనిచేస్తుంది. గళ్ళు రెట్టింపు చేసిన ప్రతిసారీ పాత మొత్తాన్ని ఒక కొత్త సంఖ్యతో గుణిస్తున్నాం, అంతే.

రెండు గళ్ళకి 3.
నాలుగు గళ్ళకి 3 × 5 = 15.
ఎనిమిదికి 15 × 17 = 255.
పదహారుకి 255 × 257 = 65535.
ముప్ఫై రెండుకి 65535 × 65537 = 4294967295.
అరవై నాలుగుకి 4294967295 × 4294967297. ఇదే మన సంఖ్య.

బీజగణితం అలవాటున్నవాళ్ళు ఇదంతా వర్గాల భేదం సూత్రమేగా అంటారు. అదే. కానీ గింజలతో చెప్తే పదో తరగతి పిల్లాడికి కూడా ఎందుకో తెలుస్తుంది. సూత్రంతో చెప్తే తల ఊపి ఊరుకుంటాడు.

గుణించిన సంఖ్యలు చూడండి: 3, 5, 17, 257, 65537, 4294967297. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా 1640లో ఉత్తరాల్లో రాశాడు, నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఆ సంగతి స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. ఆయిలర్ 1732లో ఆరోదాన్ని విరగ్గొట్టాడు: 4294967297 = 641 × 6700417.

ఎలా కనుక్కున్నాడన్నదే మీకు అసలు పనికొచ్చే భాగం, కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను.

2 ఘాతాల్ని ఏదైనా బేసి ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోతే శేషాలు ఒక చక్రంలా తిరుగుతాయి. 7తో అయితే 2, 4, 1, మళ్ళీ 2, 4, 1. చక్రం పొడవు 3. 17తో అయితే 2, 4, 8, 16, 15, 13, 9, 1. పొడవు 8. 2⁶⁴ − 1ని ఒక ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగించాలంటే 64వ మెట్టులో శేషం 1 రావాలి, అంటే చక్రం పొడవు 64ని భాగించాలి. 8 భాగిస్తుంది, అందుకే 17 పోయింది. 3 భాగించదు, అందుకే 7 పోలేదు. 7, 31, 127 లాంటివి ఇందులో ఉంటాయేమోనని ఎప్పుడూ వెతకొద్దు. వాటి చక్రాలు 3, 5, 7 పొడవులవి. 64కి రెండు తప్ప వేరే ప్రధాన కారణాంకమే లేదు కాబట్టి వాటికి ఇందులో చోటు లేదు.

ఇప్పుడు 4294967297, అంటే 2³² + 1ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా తీసుకోండి. దానికి 32వ మెట్టులో శేషం −1 (అంటే నిశ్శేషంగా పోవడానికి ఒకటి తక్కువ), 64వ మెట్టులో 1. కాబట్టి చక్రం పొడవు సరిగ్గా 64. ఆ పొడవు ఎప్పుడూ (ప్రధాన సంఖ్య − 1)ని భాగిస్తుంది. ఇది ఫెర్మా చిన్న సిద్ధాంతం నుంచి నేరుగా వస్తుంది. అంటే మనం వెతికే కారణాంకం 64తో భాగిస్తే 1 మిగిలే సంఖ్య అయి తీరాలి. తన ఊహని పడగొట్టే ఆయుధం ఫెర్మా చేతిలోనే ఉందన్నమాట. ఎందుకు వాడలేదో, వాడి ఎక్కడైనా కూడిక తప్పాడో మరి.

ఇక వెతకడం సులువు. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే దొరికిపోతుంది.

1878లో లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు దీన్ని ఇంకో మెట్టు బిగించాడు: 64 చాలదు, 128తో భాగించినా 1 మిగలాలి. అప్పుడు జాబితా 129, 257, 385, 513, 641. ప్రధాన సంఖ్యలు రెండే, 257, 641. వాటిలో 257 తానే ఒక ఫెర్మా సంఖ్య. ఫెర్మా సంఖ్యల్లో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి అదీ కొట్టేయొచ్చు. మిగిలింది 641 ఒక్కటే. మొదటి భాగహారానికే పని అయిపోయింది. నేను క్లాసులో ఇక్కడికొచ్చేసరికి వెనక బెంచీల వాళ్ళు కూడా తలెత్తుతారు.

641 నిజంగా భాగిస్తుందో లేదో పెద్ద భాగహారం చెయ్యకుండానే తెలుసుకోవచ్చు. ఈ ముక్క ఆయిలర్ తర్వాతి కాలానిది, రెండు సంగతులు గుర్తుంటే చాలు:

641 = 5 × 128 + 1
641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴

మొదటిదాని ప్రకారం 641తో భాగిస్తే 5 × 2⁷ శేషం −1తో సమానం. నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³² శేషం 1 అయింది. అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. అయిపోయింది.

చాలామంది ఇక్కడే ఆగిపోయి 6700417 ప్రధాన సంఖ్యేనని మాట వరసకి ఒప్పేసుకుంటారు. ఒప్పుకోవద్దు, సరిచూడండి. దీని వర్గమూలం 2588 దాటి కొంచెం. మామూలుగా అయితే 2588 లోపలి ప్రధాన సంఖ్యలన్నిటితోనూ, అంటే మూడు వందలకి పైగా భాగహారాలు చెయ్యాలి. కానీ దీని కారణాంకాలు కూడా 4294967297కి కారణాంకాలే కాబట్టి లూకా నియమం వీటికీ వర్తిస్తుంది. 128తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు, 257ని వదిలేస్తే, 2588 లోపల నాలుగే: 641, 769, 1153, 1409. శేషాలు ఇవి:

641తో 44
769తో 120
1153తో 334
1409తో 622

ఏదీ సున్నా కాదు. 6700417 ప్రధాన సంఖ్యే. ఏడు అంకెల సంఖ్యని నాలుగు భాగహారాలతో తేల్చేశాం. 65537కి కూడా ఇదే చిట్కా పనిచేస్తుంది: దానికి 193 ఒక్కటి చూస్తే సరిపోతుంది, శేషం 110.

ఈ 4294967297 గురించి ఇంకో కథ ఉంది. అమెరికాలోని వెర్మాంట్‌కి చెందిన జెరా కోల్‌బర్న్ అనే పిల్లాణ్ణి లండన్ తీసుకొచ్చి ప్రదర్శనలిప్పించారు. ఎనిమిదేళ్ళవాడు. ఈ సంఖ్య ఇస్తే 641తో పోతుందని నోటిలెక్కతో చెప్పాడంటారు. అటువంటి బుర్రలు ఎక్కడో ఒకటుంటాయి. మనకి కాగితమే గతి.

విశేషాలు అడిగారు కదా. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు కాబట్టి మొత్తం భాజకాలు రెండుకి ఏడో ఘాతం, అంటే 128. ఒక్కో కారణాంకాన్నీ తీసుకోవడమా మానడమా అన్నదే లెక్క. పరీక్షల్లో ఇది అడిగితే విడగొట్టడం రాక కాదు, 6700417ని ఇంకా విడగొట్టాలేమోనన్న అనుమానంతోనే మార్కు పోగొట్టుకుంటారు. దీని చిన్న చెల్లెలు లాంటి ప్రశ్న ఒకటి పాతకాలం నుంచీ తిరుగుతోంది: 2⁴⁸ − 1ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 60కీ 70కీ మధ్య రెండున్నాయి, అవేంటి? గళ్ళని సగాలు చేసుకుంటూ వస్తే 2⁶ + 1, 2⁶ − 1 దగ్గరికి చేరతారు. జవాబు 65, 63.

నాకు బాగా నచ్చే విశేషం బల్ల సగంలో ఉంది. మొదటి 32 గళ్ళ మొత్తం 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. ఇప్పటిదాకా దొరికిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఈ అయిదే, వాటి లబ్ధమే ఇది. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి ఏ క్రమ బహుభుజుల్ని గీయగలమో గాస్ అనే జర్మన్ గణితజ్ఞుడు తేల్చాడు. పదిహేడు భుజాలది గీయొచ్చని 1796లో కనుక్కున్నప్పుడు అతనికి ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండలేదు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయి ఉండాలి. కాబట్టి అలా గీయగలమని మనకి తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అన్నిటికంటే పెద్దది 4294967295 భుజాలది. ఎవరూ గీయరనుకోండి. ఫెర్మా మాటే నిజమై ఉంటే మన ఇరవై అంకెల సంఖ్య కూడా ఆ కోవలోకి వచ్చేది. మధ్యలో 641 అడ్డుపడింది.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. ఫోన్ పాడైపోలేదు. మామూలు కాలిక్యులేటర్లు, ఎక్సెల్ లాంటివి దాదాపు 15, 16 అంకెల వరకే కచ్చితంగా పట్టుకుంటాయి, మిగతావి సవరించేస్తాయి. ఎక్సెల్‌లో ఈ సంఖ్య టైపు చేస్తే 18446744073709500000 అయిపోతుంది. అందుకని ఇలాంటి సంఖ్యని కాలిక్యులేటర్లో భాగించి దశాంశ బిందువు రాలేదు కాబట్టి పోయింది అనుకోవడం ప్రమాదం. మీరు 7తో భాగించినా పోయినట్టే కనిపించొచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే ఎన్ని అంకెలైనా పూర్తిగా లెక్కేస్తుంది. లేదంటే నేను చేసేది, పాతకాలపు తొమ్మిదుల లెక్క. సంఖ్య అంకెల మొత్తం 87, దాని అంకెలు కూడితే 15, మళ్ళీ కూడితే 6. కారణాంకాలకి అదే చేస్తే 3, 5, 8, 5, 2, 8, 7 వస్తాయి. గుణించుకుంటూ అంకెలు కూడుకుంటూ పోతే చివరికి 6. సరిపోయింది. పదకొండుతో కూడా రెండువైపులా శేషం 4 వస్తుంది. ఈ రెండూ కలిస్తే ఎత్తిరాయడంలో అంకె తప్పి ఉంటే దాదాపుగా బయటపడుతుంది.

కంప్యూటర్లలో ఈ సంఖ్య ఇంకో వేషంలో ఎదురవుతుంది. ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది వరసగా అరవై నాలుగు ఒకట్లు, కాబట్టి గుర్తు లేని, అంటే రుణ సంఖ్యలు పట్టని, 64 బిట్ల పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. నా దగ్గర చదివిన ఒకబ్బాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోన్ చేశాడు: "సార్, నా ప్రోగ్రామ్‌లో ఎక్కడా లేని చదరంగం సంఖ్య ప్రింట్ అవుతోంది, టెన్షన్‌గా ఉంది." సీ ప్లస్ ప్లస్‌లో ఒక పదం కోసం వెతికించాడు, అది దొరకలేదు. దొరకనప్పుడు ఆ భాష −1 లాంటి గుర్తు ఇస్తుంది. గుర్తు లేని పెట్టెలో −1 అంటే సున్నా కంటే ఒకటి వెనక్కి, అనగా చిట్టచివరి సంఖ్య, 18446744073709551615. మీకూ ఎప్పుడైనా ఇది హఠాత్తుగా తెర మీద కనిపిస్తే ముందు ఎక్కడో −1 ఉందేమో చూడండి.

ఇక తెలుగువాళ్ళకి ఈ సంఖ్యతో ఉన్న చుట్టరికం చెప్పకుండా ఉండలేను. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ఒక చంపకమాల ఉంది. చదరంగపు గళ్ళ రెట్టింపు మొత్తాన్ని ఇరవై అంకెలతో సహా అందులో ఇమిడ్చాడు. మొదలు "శర శశి షట్క చంద్ర" అని వస్తుంది. శరాలు మన్మథుడివి అయిదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు మళ్ళీ ఒకటి: 5, 1, 6, 1. అంకెలు కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి అవి చివరి నాలుగంకెలు, 1615. పద్యం చివరి సంఖ్యాపదం తుహినాంశు, అంటే చంద్రుడే, అది మొదటి అంకె 1. నేను పూర్తి పద్యం దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా విప్పి చూశాను, ఇరవైకి ఇరవై సరిపోయాయి. కాగితమూ కాలిక్యులేటర్లూ లేని కాలంలో సంఖ్య తప్పిపోకుండా దాచడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉందనుకోను: ఒక్క అంకె మారిస్తే గణమో ప్రాసో దెబ్బతినే అవకాశం ఎక్కువ.

పైన చెప్పిన లూకాయే 1883లో హనోయి గోపురం అనే ఆట బయటపెట్టాడు. దానికి కాశీ గుడిలో 64 బంగారు బిళ్ళలు మార్చే పూజారుల కథ ఒకటి తగిలించారు. అక్కడ కావలసిన ఎత్తులు కూడా 18446744073709551615. సెకనుకొక ఎత్తు వేస్తే సుమారు 58,500 కోట్ల ఏళ్ళు పడుతుంది. కథ కల్పితం, లెక్క మాత్రం నిజం.

చివరిగా ఒక హెచ్చరిక. ఈ సంఖ్య ఇంత తేలిగ్గా విడిపోయింది కదా అని దాని పక్కవాటి మీద ఇదే ధీమాతో పడకండి. దీనికి 2 కలిపితే 18446744073709551617, తర్వాతి ఫెర్మా సంఖ్య. అదీ ప్రధాన సంఖ్య కాదు, కానీ 641 లాంటి చిన్న కారణాంకం దానికి లేదు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచాయన ఎనభై దాటిన వయసులో దాన్ని 274177 × 67280421310721 అని ప్రకటించాడు. పైన చెప్పిన లూకా నియమం దీనికి 256తో వర్తిస్తుంది: 274177 అంటే 256 × 1071 + 1. మనకి 641 అయిదో మెట్టులో (128 × 5 + 1) దొరికింది, ఇక్కడ 1071వ మెట్టులో ఉంది. సరిచూసుకోవాలంటే పైథాన్‌లో వెయ్యండి. 64 బిట్ల పెట్టెలో వేస్తే మాత్రం ఆ సంఖ్య మొత్తం పొంగిపోయి 1 అని చూపిస్తుంది.